చూడని రాష్ట్రాల బొంత

అమెరికా నేను చూడలేదు. చూడకుండానే ఆ దేశాన్ని పాత నైటీలతో ముక్కముక్కగా కుట్టుకుంటూ వచ్చాను. టెక్సాస్ కుట్టాను, ఫ్లోరిడా కుట్టాను, మంచు తప్ప మరేమీ లేదని అందరూ చెప్పుకునే నార్త్ డకోటా కూడా కుట్టాను. కువైట్‌లో, మహబూలాలోని మా ఫ్లాటుకు వచ్చినవాళ్ళు మంచం మీద పరిచిన ఆ గుడ్డ గళ్ళను చూసి, "ఇదేం అమెరికా అండీ, మ్యాపులో ఇలా ఉండదే" అనేవారు. మ్యాపు కావాలంటే స్టేషనరీ షాపులో దొరుకుతుంది, నా మంచం దగ్గరికెందుకు అని లోపల అనుకునేదాన్ని. ఒక్కోసారి పైకే అనేసేదాన్ని.

మా ఫ్లాటు నిండా నర్సులమే. అందరం ఒకే బస్సులో ఆసుపత్రికి వెళ్ళి ఒకే బస్సులో తిరిగి వచ్చేవాళ్ళం. అందరిదీ ఒకటే జపం, అమెరికా. పరీక్ష రాయాలి, పాసవ్వాలి, అక్కడి ఏదో ఒక ఆసుపత్రి మన పేరున కాగితాలు పెట్టాలి, ఆ తర్వాత మన వంతు కోసం కూర్చోవాలి. ఆ వంతు కూడా రేషన్ షాపు వరసలా ముందొచ్చినవాళ్ళకు ముందు కాదు. ఫిలిప్పీన్స్‌లో పుట్టినవాళ్ళకొక వరస, ఇండియాలో పుట్టినవాళ్ళకొక వరస. వాళ్ళది నడుస్తుంది, మనది నిలబడుతుంది. కువైట్‌లోనే పుట్టిపెరిగిన మలయాళీ పిల్ల ఒకతె మాతో ఉండేది. పుట్టిన చోటు కువైట్ కాబట్టి ఆమెది ఇంకో వరస. నా తర్వాత ఎన్నాళ్ళకో కాగితాలు పెట్టి, నా కళ్ళముందే ఎగిరిపోయింది. ఎక్కడ పుట్టాలో మనం తేల్చుకుని పుడతామా?

నాకు ఆ దేశం మీద మోజు లేదు. మా అమ్మాయి కోసం కావాలి. దానికి నాలుగేళ్ళప్పుడు మా ఆయన పోయారు. పిల్లని అమలాపురం దగ్గర మా అక్క చేతిలో పెట్టి విమానం ఎక్కాను. నా జీతానికి ఇక్కడ ఫ్యామిలీ వీసా ఇవ్వరు. అమెరికాలో అయితే నర్సుతోపాటు పిల్లనీ రానిస్తారు, ఇద్దరం ఒక ఇంట్లో ఉండొచ్చు. నా ఆశ అంతే, ఒక గిన్నెలో వండుకుని ఇద్దరం తినడం. దానికి ఒక మెలిక ఉంది. పిల్లకి ఇరవై ఒకటి దాటకూడదు. వాళ్ళ లెక్కలో వయసుకి కొంత తగ్గింపు ఇస్తారట. మాకు ఆ తగ్గింపు కొద్ది రోజులకు మించి రాదని, మా అమ్మాయికి ఆ ఇరవై ఒకటి గీత ఈ ఏడాది జూన్‌లోనే పడుతుందని మా కాగితాలు చూసే లాయరమ్మ ఎప్పుడో తేల్చి చెప్పింది. జూన్‌లోగా నా వంతు వస్తే ఇద్దరం వెళ్తాం. రాకపోతే నేనొక్కదాన్నే.

అసలు మా అమ్మాయి జూన్‌లో పుట్టనే లేదు. నవంబర్‌లో, తుపాను వానలో, కరెంటు పోయిన ఆసుపత్రిలో పుట్టింది. కన్నదాన్ని, నాకు తెలియదా! కానీ ఒకటో తరగతిలో వేయాలంటే ఐదేళ్ళు నిండాలి, నవంబర్ పిల్లకి నిండవు. మా బావగారు బడికి తీసుకెళ్తే, "ఏడాది ఎందుకండీ దండగ" అని పంతులుగారే జూన్ అని వేసేశారు. మా వైపు సగంమంది అలా బడి గుమ్మంలో జూన్‌లో పుట్టినవాళ్ళే. నేనూ జూన్‌దాన్నే, మా అమ్మ మాత్రం వరి కోతలప్పుడు పుట్టావనేది. ఇక ఆ జూన్ పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కింది, ఆధార్‌లోకి ఎక్కింది, పాస్‌పోర్టులోకి ఎక్కింది. పంతులుగారు పిల్లకి మేలు చేశాననే అనుకున్నారు. బావగారూ అదే అనుకున్నారు. అందరూ కలిసి మంచి మనసుతో నా పిల్లని ఐదు నెలలు ముసలిదాన్ని చేశారు.

బొంత పని మా వార్డులో మొదలైంది. ఒక అమెరికన్ టీచరమ్మ కాలు విరిగి మా దగ్గర పడుకుంది. చేతిలో ఎప్పుడూ గుడ్డముక్కలే. మా ఇంట్లో బొంత అంటే ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీరలు పొరలుగా పరిచి, మీద దగ్గర దగ్గరగా కుట్టు నడిపించడమే. ఎక్కడ చిరిగితే అక్కడ ఇంకో చీర ముక్క వేస్తాం, డిజైన్ అని వేరే ఉండదు. ఆవిడ అలా కాదు. ముందు చిన్న చదరాలు కుట్టి, తర్వాత అన్నిటినీ కలిపేది. ఒక్కో చదరాన్ని ఆవిడ బ్లాక్ అంటే నేను గడి అన్నాను. తన దేశంలో ఒక్కో రాష్ట్రం పేరున పాత డిజైన్లు ఉన్నాయని, ఈ కాలం వాళ్ళు అవి పక్కన పెట్టి కొత్తవి గీస్తున్నారని చెప్పింది. ముక్కలు తక్కువ ఉండాలట, ఖాళీ ఎక్కువ ఉండాలట. ఆ ఖాళీ అనే మాట నాకు బాగా నచ్చింది. ఇంటికి వెళ్ళే రోజున గుడ్డ కోసే తన చక్రం కత్తి, కొలత గీతలున్న అట్ట నా చేతిలో పెట్టి వెళ్ళింది.

అప్పట్నుంచి మా ఫ్లాటులో ఒక ఆచారం పుట్టింది. అమెరికా వెళ్ళే మనిషి తన పాత నైటీ ఒకటి నాకు వదిలి వెళ్ళాలి. అక్కడ దిగాక చేసే మొదటి ఫోనులో ఏం చెబుతుందో అదే ఆ రాష్ట్రానికి నా డిజైన్. రెండో ఫోను నాకు పనికిరాదు. రెండో ఫోనుకల్లా మనిషి అబద్ధాలు నేర్చుకుంటుంది. ఇల్లు బాగుంది, మాల్ బాగుంది, చర్చిలో అందరూ మంచివాళ్ళు అంటుంది. మొదటి ఫోనులో ఎవరూ అలా అనరు.

నార్త్ డకోటా వెళ్ళిన పిల్ల, "అక్కా, అంతా తెలుపే, రోడ్డెక్కడుందో కూడా తెలీట్లేదు" అని ఏడ్చింది. నేను ఖైతాన్ బజారుకి వెళ్ళి దిష్దాషాలు కుట్టే టైలర్ల దగ్గర కత్తిరింపులు ఏరుకొచ్చాను. కువైటీ మగవాళ్ళు తొడిగే ఆ పొడుగు అంగీల బట్టలో ఎన్ని తెలుపులున్నాయో అప్పుడు చూశాను. పాల తెలుపు, సున్నం తెలుపు, చలికాలం బట్టలో గంజి తెలుపు. గడి నిండా అవే పేర్చి, ఒక మూలన ఆ పిల్ల ఎర్ర నైటీలోంచి సన్నటి పీలిక ఒకటి పెట్టాను. టెక్సాస్ వెళ్ళినామె, "ఈ రోడ్డు అయిపోదక్కా" అంది. టెక్సాస్ అంటే అందరూ నక్షత్రం పెడతారట, నేను పెట్టలేదు. ఒక్క బూడిదరంగు పట్టీని ఈ అంచు నుంచి ఆ అంచుకి పోనిచ్చి అక్కడ కోసేశాను. ఒహాయో నుంచి, "కిటికీలున్నాయి గాని మనుషులు కనపడ్డంలేదు" అని వచ్చింది. అరిజోనా వెళ్ళినామె మాత్రం పకపకా నవ్వి, "ఇంతదూరం వచ్చి మళ్ళీ మహబూలాలోనే దిగాను" అంది. ఆ గడికి ఆసుపత్రిలో పారేసిన ఇసుకరంగు కర్టెన్ సరిపోయింది.

నేను పెట్టిన షరతు ఒకటుండేది. మనిషి వెళ్ళకముందు ఆ గడి కుట్టను. ఎవరైనా తొందరపడి అడిగితే, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా?" అని కసిరేదాన్ని. నా కాగితాలు పెట్టింది నెబ్రాస్కాలో ఒక ఆసుపత్రి. మా ఫ్లాటు నుంచి అక్కడికి ఎవరూ వెళ్ళలేదు కాబట్టి ఆ రాష్ట్రం నుంచి నాకు ఫోనూ లేదు, బొంతలో దానికి గడీ లేదు.

ఈ ఏడాది ఆ షరతు నేనే తప్పాను. చలి పోయి ఎండ ముదురుతోంది, జూన్ మీదికొస్తోంది, మన వరస అంగుళం కదలడం లేదు. ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఒక శుక్రవారం, సెలవు రోజు, అమ్మాయికి వీడియో కాల్ చేశాను. అది కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

"మన గడి మనం గీద్దాం రావే," అన్నాను.

"ఏ గడమ్మా?"

"నెబ్రాస్కాది."

"ముందే కుట్టకూడదని నువ్వే అంటావు కదా."

"నేను పెట్టిన రూలు నేను తియ్యలేనా ఏంటి!"

ఇక ప్రతి శుక్రవారం అదే పని. అది గళ్ళ కాగితం మీద గీసి ఫోనుకి చూపించేది, నేను గుడ్డముక్కలు పరిచి దానికి చూపించేదాన్ని. నెబ్రాస్కా గురించి ఫోనులో అంతా వెతికి పెట్టింది. "అమ్మా, అక్కడికి ఏటా కొంగలొత్తాయంట, ఆకాశం కనపడనన్ని. కొంగలు పెడదాం," అంది.

"పక్షులొద్దే."

"ఎందుకూ?"

"వచ్చిపోయేవి వద్దు."

"అయితే ఏరు పెడదాం. అక్కడో ఏరుంది, వెడల్పెక్కువ, లోతు తక్కువ. ఏరు ఎక్కడికీ పోదుగా," అంది. అలా ఏరు ఖాయమైంది. ఏటికి ఒకే గట్టున రెండు చిన్న చదరాలు పెట్టాలని కూడా అనుకున్నాం. ఒకటి నా నైటీలోంచి, ఇంకొకటి మా అక్క ఎవరి చేతనో పంపించిన దాని పాత చుడీదార్‌లోంచి. నేను గట్టుకి పసుపు పెడితే, "స్కూలు బస్సులా ఉందమ్మా, తీసెయ్యి" అని గొడవ పెట్టుకుంది. చదరాలు రెండూ కలిపి కుడతానంటే ససేమిరా వద్దంది.

"కలిపేత్తే ఒకటే ముక్కలా ఉంటాదమ్మా, డిజైన్ పోద్ది. మధ్యలో కొంచెం ఖాళీ ఉండాలి."

"ఇన్నాళ్ళ ఖాళీ చాలదా?" అన్నాను. అది నవ్వలేదు. చివరికి వేలెడంత సందు వదలడానికి ఒప్పుకున్నాను.

ఆ నెలల్లో నేను సుఖపడ్డాను. అంతకుముందు మా ఫోను మాటలు తిన్నావా, చదువుతున్నావా, ఫీజు కట్టావా దగ్గర మొదలై అక్కడే ఆగిపోయేవి. పసుపు రంగు కోసం నా కూతురు నాతో పోట్లాడటం అదే మొదటిసారి. దాని కోపం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. కుడి కనుబొమ్మ పైకి లేస్తుంది. అచ్చం మా ఆయనలా.

జూన్ దగ్గరకొచ్చేకొద్దీ నాకు తిండి సహించలేదు. ఉపవాస ప్రార్థనలు పెట్టుకున్నాను. వార్డులో ఇంజెక్షన్ ఇస్తూ కూడా పెదాలు కదుపుతూ ఉండేదాన్ని. మా ఫ్లాటులో జరిగే ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు, "దేవుని సమయం వేరమ్మా, ఆయన సమయంలో ఆయన చేస్తాడు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఆయన సమయం నాకు తెలుసండి. నవంబరని ఆయనే రాశాడు. మధ్యలో పంతులుగారు దిద్దారు," అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు పాపం మంచివారు, తలవంచుకుని టీ తాగి వెళ్ళిపోయారు.

జూన్ వచ్చింది, పోయింది. వరస కదల్లేదు. బయట ఇసుక గాలి లేచి కిటికీలోంచి ఎదుటి బిల్డింగు కూడా కనపడని రోజులవి. నేను మాత్రం ఇంకా ఆశ చావక, పిల్ల నిజం వయసు చెబితే ఎవరైనా వినకపోతారా అనుకుంటూ ఉన్నాను.

సెప్టెంబర్‌లో వరస కదిలింది. లాయరమ్మ సంతోషంగా ఫోను చేసింది, మీ వంతు వచ్చిందని. ఎంతమందికి అని అడిగాను. మీకొక్కరికే అంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో అప్పటిదాకా మాట వరసకే వాడేదాన్ని. డ్యూటీ మధ్యలో ఉన్నాను. మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను. ఆ రోజుకి నా పిల్లకి నిజంగా ఇరవై ఒకటి నిండలేదు.

మా బావగారు అంత పెద్ద వయసులో బడికీ, మున్సిపల్ ఆఫీసుకీ, అది పుట్టిన ఆసుపత్రికీ తిరిగారు. ఆసుపత్రి మూసేసి అక్కడ చెప్పుల కొట్టు పెట్టారు. మున్సిపల్ ఆఫీసులో అసలు ఆ పుట్టుక రాసుకున్నదే లేదన్నారు. బడిలో పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక తేదీ మార్చడం మా చేతుల్లో లేదన్నారు. నేను లాయరమ్మకి ఫోను చేసి, నేను ప్రమాణం చేసి చెబుతాను, కన్నతల్లి మాట చాలదా అని అడిగాను. ఆవిడ కసురుకోలేదు. "ఇప్పుడు తేదీ మారిస్తే వీసా కోసం మార్చారనుకుంటారు. అమ్మాయిదీ రాదు, మీదీ పోతుంది," అంది. నిజం చెబితే మోసమయ్యే చోట నేనేం చేయగలను?

నా గదిలో కడప పిల్ల ఒకతె ఉంటుంది. తనూ నర్సే, తనూ అదే వరసలో ఉంది. నా మంచం అంచున కూర్చుని నచ్చజెప్పింది.

"పో అక్కా. ఆడ కాలు నిలదొక్కుకుంటే రేపు బిడ్డని పిల్చుకోవచ్చు."

"పిలిస్తే ఎన్నేళ్ళకి వస్తుందే?"

తనకీ ఆ వరసలు తెలుసు. "ఏమోక్కా," అంది. మళ్ళీ, "ఈడ కూచోని మాత్రం ఏం చేస్తావ్ చెప్పు?" అంది. అదీ నిజమే. వెళ్తే పిల్ల అక్కడ, నేను ఇంకో సముద్రం అవతల. వెళ్ళకపోతే ఇన్నేళ్ళు పిల్లని వదిలి చేసిందంతా బూడిదలో పన్నీరు. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుని కొన్నాళ్ళు అమ్మాయికి చెప్పకుండా తిరిగాను. శుక్రవారం వస్తే ఏదో ఒక వంక చెప్పి త్వరగా ఫోను పెట్టేసేదాన్ని.

చివరికి చెప్పేశాను. అది హాస్టల్ గదిలో కూర్చుని జడ అల్లుకుంటోంది. నా వంతు వచ్చిందని, తనకి రాలేదని చెబుతున్నంతసేపూ అల్లుతూనే ఉంది. రబ్బరు బ్యాండు పెట్టుకుని జడ వెనక్కి వేసుకుంది.

"వెళ్ళమ్మా," అంది. "నాకు అలవాటేగా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బతిమాలుకునేదాన్ని, కాళ్ళయినా పట్టుకునేదాన్ని. అది నన్ను ఓదార్చడానికి అంది. నా బాధ తగ్గుతుందని నవ్వుతూ మరీ అంది. నేను లేకుండా బతకడం నా కూతురికి బాగా వచ్చిన పని, అందులో దానికి నేనే గురువుని. ఫోను పెట్టేశాక కత్తిరించిన ముక్కలన్నీ ఒక పక్కకు తోసేశాను.

ఆ వారంలోనే నేను రావడం లేదని లాయరమ్మకి రాసేశాను. ఆవిడ మళ్ళీ ఆలోచించుకోమంది. ఆలోచిస్తే వెళ్ళిపోతానని నాకు భయం, అందుకే ఆలోచించలేదు. ఆసుపత్రిలో రాజీనామా ఇచ్చాను. ఇఖామా, అదే ఇక్కడుండే అనుమతి, దాని రద్దుకి కాగితాలు తీసుకున్న గుమాస్తా, "ఖలాస్? కెనడానా, అమెరికానా?" అని అడిగాడు. మా ఊరు అన్నాను. వాడికి అర్థం కాలేదు. కడప పిల్లకైతే చెప్పడానికే జంకాను. విని, "నీకేమన్నా దయ్యం పట్టిండాదా అక్కా?" అని అరిచి, ఆ తర్వాత తనే కూర్చుని ఏడ్చింది.

తర్వాతి శుక్రవారం అమ్మాయికి చెప్పాను, వచ్చేస్తున్నానని. సంతోషిస్తుందనుకున్నాను.

"ఎవరు రమ్మన్నారమ్మా నిన్ను?" అంది. కుడి కనుబొమ్మ లేచింది. "ఇన్నేళ్ళు ఎదురుచూసి, తీరా వచ్చాక వదిలేసుకుంటావా? నా కోసమని మాత్రం అనకు. రేపు అందరూ నన్నే అంటారు."

"ఎవరో ఏదో అంటే నాకేంటే?"

"వచ్చి ఏం చేత్తావు?"

"నీతో ఉంటాను."

"నేను హాస్టల్లో ఉంటాను కదమ్మా."

"పక్కనే గది తీసుకుంటాను. అక్కడే ఏదో ఒక ఆసుపత్రిలో చేరతాను. సాయంత్రం నువ్వొచ్చి తిని వెళ్దువుగాని."

ఫోను మొహం మీంచి కిందికి దించేసింది. నాకు హాస్టల్ గది గోడ, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. ఎవరో పక్క గదిలో బకెట్టు లాగుతున్న చప్పుడు వినిపించింది. అది ఏడుస్తోందో, విసుక్కుంటోందో తెలియలేదు. పేరు పెట్టి పిలిచాను. గొంతు మాత్రం వచ్చింది.

"ఎన్నాళ్ళుంటావు?"

సెలవు మీద వెళ్ళినప్పుడల్లా నా పెట్టె ఇంకా గుమ్మం దాటకముందే అది అడిగే మొదటి మాట అదే. నెల అనో, నెలన్నర అనో చెబితే తలూపి వెళ్ళి ఆడుకునేది.

"ఈసారి తిరుగు టికెట్ లేదే," అన్నాను.

అది నమ్మలేదు.